డర్బన్ అవ్వ చెంబు

నేను ఒక ప్రావిన్స్ మీద అసూయ పడ్డాను. నవ్వకండి. లోకంలో చీర మీద పడతారు, ఇంటి మీద పడతారు, పక్కవాళ్ల పిల్లల మార్కుల మీద పడతారు. నేను మాత్రం ఎన్నడూ అడుగు పెట్టని చోటు మీద, దక్షిణాఫ్రికా తూర్పు అంచున ఉన్న క్వాజులు-నటాల్ మీద కళ్లలో నిప్పులు పోసుకున్నాను. పడమట కొండల గోడ, తూర్పున హిందూ మహాసముద్రం, మధ్యలో మెట్లు మెట్లుగా దిగివచ్చే గుట్టలు, ఆ గుట్టల మీద చెరకు తోటలు. నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇష్టపడి నేర్చుకున్నది కాదు. మా అమ్మాయి అన్నం తింటూ, కారెక్కుతూ, స్నానానికి పొమ్మంటే పోకుండా చెవిలో జోరీగలా చెప్తూ ఉంటే వచ్చేసింది.

అప్పుడు మేము మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్లం. మావారు కార్ల కంపెనీలో ఇంజినీరు. అది 2009, ఏ శుక్రవారం ఎవరి ఉద్యోగం ఊడుతుందో తెలియని కాలం. నాది హెచ్-4 వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. తెనాలిలో తెలుగు ఎం.ఏ. చదివి బడిలో పాఠాలు చెప్పినదాన్ని, అక్కడ ఆదివారాలు మా బేస్‌మెంట్‌లో నలుగురు తెలుగు పిల్లల్ని కూర్చోబెట్టి అ ఆలు దిద్దించేదాన్ని. ఆ నలుగురిలోకీ బద్ధకం మా అమ్మాయికే. పదేళ్ల పిల్ల. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. తెనాలి పేరెత్తితే "మీ ఊరు" అనేది, ఇండియా అంటే "మీ ఇండియా". నేనేదో లగేజీలో పెట్టుకుని తెచ్చుకున్న సామాను అన్నట్టు! నాకున్న ఆశ ఒక్కటే. ఆ పిల్ల ఒక్కసారైనా "మనది" అనాలి. ఉద్యోగం లేని దేశంలో నేను సాధించాల్సింది అంతకు మించి ఏమీ మిగల్లేదు.

మాది టౌన్‌హౌస్. పక్కింటికీ మాకూ నడుమ ఒకటే గోడ, అదీ పేరుకే గోడ. ఆ ఆగస్టులో పక్కింట్లో ఎవరో కొత్తగా దిగారు. ఒక ఉదయం కుక్కర్ కూత వినబడి, లేచి వెళ్లి మా స్టవ్ కట్టేయబోయాను. మా స్టవ్ మీద ఏమీ లేదు. కూత గోడ అవతలిది. అమ్మయ్య, మనవాళ్లెవరో వచ్చారని ప్రాణం లేచొచ్చింది. జుట్టు సర్దుకుని, గిన్నెలో కాసిని జంతికలు పోసుకుని వెళ్లి తలుపు తట్టాను.

తలుపు తీసినావిడకి అరవై దగ్గర పడుతుంటాయి. నుదుట బొట్టు, ముక్కుకి పుడక, ఒంటి మీద హాస్పిటల్ నర్సుల దుస్తులు. "ఎప్పుడు దిగారండీ? ఏ ఊరు మీది?" అన్నాను ఆత్రంగా. ఆవిడ నవ్వి, "డర్బన్" అంది. తర్వాత ఇంగ్లీషులోకి దిగింది. ఆవిడ నాతో మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. అప్పట్లో మా అమ్మాయి మాటలూ ఎక్కువగా అంతే. తెలుగు రాదట. కానీ తెలుగువాళ్లేనట. వాళ్ల తాతకి తాత మద్రాసులో ఓడ ఎక్కి నటాల్ చెరకు తోటల్లో కూలికి వెళ్లాడట. ఏ ఊరి నుంచి వెళ్లాడో ఎవరికీ తెలీదట.

తెలుగు రాని తెలుగువాళ్లేమిటి, నా శ్రాద్ధం, అనుకుంటూ ఇంటికొచ్చాను. పైకి మాత్రం బోలెడు జాలి చూపించాను. "పాపం, ఊరు కూడా తెలీదుట" అని మావారితో చెప్పాను. జాలి పడటం చాలా సుఖంగా ఉంటుంది. ఆ సుఖం నాకు దసరా దాకా కూడా నిలవలేదు.

మా అమ్మాయి స్కూల్ బస్ దిగి, బ్యాగ్ మా గుమ్మంలో పడేసి, పక్కింటికి పరిగెత్తడం మొదలెట్టింది. ఆవిడకి కొన్నాళ్లు ఉదయం డ్యూటీ, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండేది. "అవ్వ దగ్గరికి వెళ్తున్నా!" అని కేక. వాళ్ల దేశంలో తెలుగువాళ్ల పిల్లలు అవ్వ, తాత అనే పిలుస్తారట, ఎన్ని పోయినా ఆ మాటలు పోలేదట. మా వైపు అవ్వ అంటే ఎవరో వంగిపోయిన ముసలావిడ. తెనాలిలో మా అమ్మ, కంప్యూటర్ తెర ముందు కొత్త చీర కట్టుకుని కూర్చుని, "బంగారూ, అమ్మమ్మా అనవే ఒక్కసారి" అని బతిమాలుకుంటే ఈ పిల్ల "హాయ్" అని చెయ్యి ఊపి పారిపోయేది. అలాంటిది, నిన్నగాక మొన్న వచ్చిన ఆవిడకి రోజంతా అవ్వా, అవ్వా!

ఏం చెప్పేదో ఆవిడ, పిల్ల నోరు తెరుచుకుని వినేది. వాళ్లకి డిసెంబరులో మండుటెండలు. డర్బన్‌లో కోతులు వంటింటి కిటికీలోంచి దూరి అరటిపళ్లు ఎత్తుకుపోతాయి. ప్రతి తెలుగు, తమిళ ఇంటి పెరట్లో కరివేపాకు, మామిడి, కొందరికి పనస కూడా. లోపలికి వెళ్తే జూలూల పల్లెలు, గుండ్రటి ఇళ్లు, గుట్టల మీద ఆవులు. రోడ్డు పక్కన జూలూ ఆడవాళ్లు కాల్చిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతారు. ఆవిడ తల్లికి జూలూ భాష నీళ్ల ప్రాయమట. వాళ్లు ఎదురైతే "సావుబోనా" అంటారు, నిన్ను చూశాను అని దానర్థం. ఇక మా ఇంట్లో పొద్దున లేస్తే సావుబోనా. నాకు, వాళ్ల నాన్నకి, ఫ్రిజ్‌కి, అందరికీ సావుబోనా.

"అవ్వ వాళ్ల ప్రావిన్స్‌లో మదుంబీ అని ఒకటి ఉంటుంది అమ్మా, ఇట్స్ సో గుడ్!" అంది ఒకరోజు చేతులు నాక్కుంటూ. చూద్దును కదా, చేమదుంపలు. అచ్చంగా చేమదుంపలు! నేను వేపుడు చేసి పెడితే "జిగురు, యక్" అని ప్లేటు తోసేసిన పిల్లే.

అన్నీ మనవే, పేరు వాళ్లది. కొండలు పడమర, సముద్రం తూర్పు, నదులు పడమటి నుంచి తూర్పుకి. మా కృష్ణ అటు కాక ఎటు పారుతోంది? నేను చెప్తే ఆవలింతలు. ఆవిడ చెప్తే భూగోళం. "తుగేలా నది కొండ చివర నుంచి కిందకి దూకేస్తుంది అమ్మా, కృష్ణా దూకుతుందా?" అని నిలదీసింది. దూకదు. మా దగ్గర అది నిదానంగా, బ్యారేజీ దగ్గర ఆగి, పొలాలకి నీళ్లిచ్చి వెళ్తుంది. నది అన్నాక దూకడమే గొప్పా? ఆ మాట అన్నాను కూడా. పిల్ల నా వైపు జాలిగా చూసింది.

అన్నీ తీపి కబుర్లే కాదు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల ఇల్లు ఏటి పక్కన, కూరగాయల తోట మధ్య ఉండేదట. ఇకమీదట ఇది తెల్లవాళ్లు ఉండే చోటు అని ప్రభుత్వం వాళ్లని లేపేసింది. ఆ తోట వదులుకుని, ఇండియన్ల కోసం వేరుగా కట్టిన కాలనీకి పోవాల్సి వచ్చింది. ఆ సంగతి విన్న మర్నాడు మా అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మనల్ని కూడా ఇక్కడి నుంచి లేపేస్తారా అమ్మా?" అని అడిగింది. మా గ్రీన్‌కార్డు కాగితాలు ఏ బల్ల మీద ఉన్నాయో నాకే తెలీదు. "పిచ్చి ప్రశ్నలు వేయకు, పో, పాలు తాగు" అన్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. సెప్టెంబరు చివర్లో ఒక శనివారం పొద్దున డోర్‌బెల్ మోగింది. తలుపు తీస్తే గుమ్మం బయట పక్కింటావిడ, పసుపు చీరలో, తడి జుట్టుతో. చేతిలో ఇత్తడి చెంబు. చెంబుకి పసుపు పూసి, మీద తెల్లటి నామం, మధ్యలో ఎర్ర గీత. పక్కన మా అమ్మాయి. నా కూతురు! నుదుటి మీద జుట్టు మొదలు దాకా నామం దిద్దుకుని, నా చిన్నప్పటి పట్టు పరికిణీ కట్టుకుని. ఇద్దరూ ఒక్క గొంతుతో, "గోవిందా... గోవింద!" అన్నారు.

"ఏమిటే ఈ వేషం?" అన్నాను.

"రైస్ కావాలి అమ్మా. పిడికెడు."

ఎదురింటి ముసలాయన పచ్చిక కోసే మెషిన్ ఆపి మరీ చూస్తున్నాడు. నా కూతురు అమెరికాలో ఇంటింటికీ తిరిగి బియ్యం అడుక్కుంటోంది! ఆవిడకి రేషన్ అయిపోయిందా? నర్సు కదా, జీతం రాలేదా? ఏమైతేనేం, నా గుమ్మంలోకి వచ్చి అడిగాక నేను తక్కువ తినడమేమిటి? లోపలికి వెళ్లి, అప్పుడే ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన సోనా మసూరి బస్తా, ఇరవై పౌన్లది, మూతి కూడా విప్పనిది, రొప్పుకుంటూ మోసుకొచ్చి గుమ్మంలో దబ్బున పెట్టాను. ఇదిగో, చూసుకో మా చెయ్యి ఎంత పెద్దదో, అన్నట్టు.

ఆవిడ కంగారు పడింది. "అయ్యో, వద్దు తల్లీ. పిడికెడే పుచ్చుకోవాలి. నీ చేత్తో నువ్వే పోయాలి. ఒక్క ఇంట్లోనే చెంబు నిండిపోతే మిగతా గుమ్మాలు ఎక్కక్కర్లేదు కదా."

అప్పుడు చెప్పింది. ఈ నెలలో శనివారాలు వాళ్ల ఇంటి వాళ్లు వెంకటేశ్వర స్వామికి ఉపవాసం ఉంటారు. ఆఖరి శనివారం నైవేద్యానికి సొంత బియ్యం పనికిరావు. చెంబు పట్టుకుని, చెప్పుల్లేకుండా, ఇల్లిల్లూ తిరిగి అడగాలి. ఎంత ఉన్నవాళ్లయినా అడగాలి. ఓడ ఎక్కిన తాత దగ్గర నుంచి అలాగే చేస్తున్నారు. చెరకు తోట కూలీల ఇళ్ల వరసలో అడిగారు, ఇండియన్ల కాలనీలో అడిగారు, ఇప్పుడు ట్రాయ్‌లో అడుగుతోంది.

"సొంత ఇంటి రైస్ వేయకూడదు అమ్మా, అది రూల్" అంది మా అమ్మాయి పెద్ద ఆరిందాలా.

"మరి నన్నెందుకు అడుగుతున్నావే? ఇది నీ సొంత ఇల్లు కాదూ?"

"ఇవాళ కాదు. ఇవాళ నేను అవ్వ టీమ్."

పిడికెడు బియ్యం తెచ్చి పోశాను. చెంబు పట్టుకున్నది నా కూతురు. గడప లోపల నేను, గడప బయట అది. వాళ్లు మళ్లీ గోవిందా అనుకుంటూ ఎదురింటి వైపు వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం పక్కింట్లో భోజనాలు. వెళ్లకూడదనుకున్నాను, వెళ్లాను. ఎదురింటి ముసలాయన వచ్చాడు, చివరి ఇంటి కొరియా ఆవిడ వచ్చింది, కుక్కని తిప్పే దంపతులు వచ్చారు. ఆరేళ్లుగా అదే వీధిలో ఉన్నాను, వీళ్లలో ఒక్కరితో వాతావరణం గురించి తప్ప మాట్లాడి ఎరగను. అందరూ ఇచ్చిన బియ్యం ఒకే గిన్నెలో. ఒకరివి జిగురు బియ్యం, ఒకరివి దంపుడు బియ్యం, ఒకరివి పెట్టెలో అమ్మే నల్ల బియ్యం, నావి సోనా మసూరి. సగం ముద్దయింది, సగం పలుకు. నోట్లో పెట్టుకుంటే కరకరలాడింది. ఎంత అధ్వానంగా ఉందో చెప్పుకోవాలని చుట్టూ చూశాను. అందరూ రెండోసారి వడ్డించుకుంటున్నారు. మా అమ్మాయి వడ్డన చేస్తోంది.

అక్కసు పట్టలేక అమ్మకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాక అమ్మ తాపీగా అంది: "మనింట్లోనూ ఉండేదే ఆ మొక్కు. మా అమ్మమ్మ నామం పెట్టుకుని, జోలె పట్టుకుని వీధి వీధంతా తిరిగేదిట. మా నాన్నకి గవర్నమెంటు ఉద్యోగం వచ్చాక, పరువు పోతోంది, హుండీలో వేసుకుందాం, ఈ అడుక్కోడాలు వద్దని మాన్పించేశారు." ఇంకేముంది, పుండు మీద కారం చల్లినట్టయింది. కూలికి వెళ్లినవాళ్లు సముద్రం దాటించి దాచుకున్నారు. ఉద్యోగం వచ్చినవాళ్లం మేము ఇంట్లో కూర్చుని పారేశాం. ఆవిడ దగ్గర ఉన్నదేదో నాదే. నా దగ్గర లేదు. ఇంతకంటే మంట ఏముంటుంది?

చలికాలం గడిచింది. వసంతంలో ఐదో క్లాసు వాళ్లకి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ప్రపంచంలో ఏదైనా ఒక రాష్ట్రమో ప్రావిన్సో ఎంచుకుని, దాని భూగోళం, మనుషుల గురించి మూడు రెక్కల అట్ట మీద అతికించి, స్కూలు జిమ్ హాల్లో అందరి ముందూ చెప్పాలి. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను. అటక మీద నుంచి కొండపల్లి బొమ్మలు దించాను. కలంకారీ గుడ్డ ఇస్త్రీ చేశాను. కృష్ణా, గోదావరుల మ్యాపు ప్రింట్ తీసి ఉంచాను. పిల్ల బస్ దిగి వచ్చి, బొమ్మలన్నీ చూసి, "ఇవన్నీ ఎందుకు? నేను క్వాజులు-నటాల్ అని సైన్ అప్ చేసేశాను" అంది.

ఆ రోజు మా ఇంట్లో జరిగిన గొడవ ఇంతా అంతా కాదు.

"నీ మొహం మండా! ఆంధ్రా ఉండగా ఎవరిదో ఊరు నీకెందుకే?"

"ఎవరిదో కాదు, అవ్వది!"

"అవ్వ అవ్వ అవ్వ! నీ జిమ్మడ, ఇంతసేపూ నేను గోడకి చెప్పుకుంటున్నానా? నేను కనిపించడం లేదా నీకు?"

"నువ్వు ఎప్పుడూ అరుస్తావు! నువ్వు నా మాట వినవు! నాకు నీ ఆంధ్రా వద్దు, పో!" అని తలుపు దఢేలున వేసుకుంది.

మర్నాడు పిల్ల స్కూలుకి వెళ్లగానే కొంగు దోపుకుని పక్కింటికి వెళ్లాను. ఆవిడకి సెలవు. టీ పెడతానంటే వద్దన్నాను. "నా కూతురికి ఏం మందు పెట్టారు మీరు?" అనేశాను. ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి ఏదో ఆసుపత్రి వ్యవహారంలా తయారైంది, ఆవిడ బిత్తరపోయింది. మళ్లీ విడమరచి చెప్పాను. మీ దేశం మీకుంది, మీ పిల్లలు మీకున్నారు, నాకు ఇది ఒక్కతే, దీన్ని నా ఊరికి వదిలేయండి, ఆంధ్రా చెయ్యమని మీరే చెప్పండి, మీ మాట వింటుంది. చెప్తుంటే ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడ్చానని ఇంకా కోపం వచ్చింది.

"చెప్పాను. ముందే చెప్పాను" అంది ఆవిడ. "మీ అమ్మ ఊరు చెయ్యి అన్నాను. వినలేదు." నేను వద్దన్న టీ పెడుతూనే, "నిన్న మీరు పోట్లాడుకున్నది నాకు వినబడింది" అంది.

వినబడక ఏం చేస్తుంది, ఆ గోడకి.

"చివరికి ఇద్దరూ తెలుగులోనే అరుచుకున్నారు. పిల్ల కూడా. అది గమనించావా?"

నేను గమనించలేదు. నిజమే. పదేళ్లలో మొదటిసారి నా కూతురు ఇంగ్లీషు ముక్క లేకుండా నాతో తెలుగులో మాట్లాడింది, అదీ నన్ను తిట్టడానికి.

"మేము తెలుగులో దండం పెడతాం" అంది ఆవిడ. "పాట పాడతాం. పెళ్లిళ్లలో మంత్రం చదివిస్తాం. అర్థం తెలీకపోయినా తప్పు లేకుండా చెప్తాం. కానీ నా కూతురి మీద కోపం వస్తే నాకు తెలుగు లేదు. మా అవ్వకి ఉండేది. చెంబు విసిరేసినట్టు తిట్టేది మమ్మల్ని. ఆ రాగం గుర్తుంది, మాటలు లేవు. నిన్న గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుళ్లుకున్నాను, తల్లీ. సిగ్గు లేకుండా చెప్తున్నాను, మీ ఇద్దర్నీ చూసి కుళ్లుకున్నాను." తర్వాత టీ కప్పు నా ముందుకి తోసి, "ఆ తిట్టు, మధ్యలో అన్నావే, అది మళ్లీ చెప్పు, నెమ్మదిగా" అంది.

ఏం చెయ్యను? "నీ జిమ్మడ" అన్నాను. ఆవిడ అంది. "అలా దండం పెడుతున్నట్టు కాదు, ఒళ్లు మండినట్టు అనాలి" అన్నాను. మళ్లీ అంది. ఆ వారం నుంచే ఆవిడ మా ఆదివారం క్లాసులో చేరింది. అక్కడి వాళ్లందరిలోకీ హోంవర్క్ చేసుకొచ్చిన స్టూడెంటు ఆవిడే. మెల్లగా ఆ తిట్ల పాఠంలోకి మా అమ్మాయీ వచ్చి పడింది. "అలా కాదు అవ్వా! 'మండా' అని లాగాలి. అమ్మ ఎలా అంటుందో విను!" అని ఆవిడకి దిద్దేది. నా తిట్లన్నీ నాకంటే బాగా వచ్చు ఆ రాక్షసికి. అంతా ఆవిడతోనే, తెలుగంతా ఆవిడ కోసమే. నాతో మళ్లీ ఇంగ్లీషు. నాకు మండిందా లేదా? మండింది.

ప్రాజెక్టు మాత్రం మారలేదు. మైదాలో ఉప్పు కలిపి, ఆ ముద్దతో అట్ట మీద ప్రావిన్స్ ఆకారం చేయాలి. పిల్ల చేతులకి పిండి కుదరలేదు. చపాతీ పిండి పిసికే చెయ్యి ఎవరిది? డ్రాకెన్స్‌బర్గ్ కొండలు నేనే పిసికి నిలబెట్టాను. "ఇంకా ఎత్తు అమ్మా, గోడలా ఉండాలి" అంటుంటే పెంచాను. తుగేలా నదికి వేలితో గాడి నేనే తీశాను. పగవాళ్ల దేశానికి కూలి చేసినట్టుంది నా పని. తీరా ఆరాక చూస్తే బాగా వచ్చింది, దానికీ కోపం వచ్చింది.

జిమ్‌లో పక్కింటావిడ పట్టుచీర కట్టుకుని మా అమ్మాయి పక్కన నిలబడింది. నేను వెనక పేపర్ ప్లేట్లు సర్దుతున్నాను. పిల్ల గడగడా చెప్పింది. ఇవి కొండలు, చలికాలంలో మంచు పడుతుంది. ఇది చెరకు. వీళ్లు జూలూలు, ఇక్కడ ఎక్కువమంది వాళ్లే. వీళ్లు ఇండియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు. వీళ్లు ఇంగ్లీషువాళ్లు. ఒకప్పుడు వీళ్లందర్నీ ఒకే చోట కలిసి ఉండనిచ్చేవాళ్లు కాదు. టీచర్ మెచ్చుకుని, "ఈవిడ మీ అమ్మమ్మా?" అని అడిగింది. "కాదు, పక్కింటివాళ్లం" అంది ఆవిడ చప్పున, నా వైపు చూస్తూ. "అంతా ఒకటే" అంది మా అమ్మాయి. ప్లేట్లు నా చేతిలోంచి జారి నేల మీద పడ్డాయి.

జూన్‌లో ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది. అక్కడ కూతురికి నెలలు నిండుతున్నాయి. అదే నెలలో వాళ్ల దేశంలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్, టీవీలో డర్బన్ స్టేడియం కనబడినప్పుడల్లా మా అమ్మాయి గంతులు వేసేది. వెళ్లే రోజు ఆవిడ ఆ ఇత్తడి చెంబు తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. "నాకు ఇంట్లో ఇంకోటి ఉంది" అంది. నన్ను కావిలించుకుని, చెవి దగ్గర, "నీ మొహం మండా" అంది, చక్కగా, ఒక్క అక్షరం తప్పు పోకుండా. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటిదాకా పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. మావారు డ్రైవ్ చేస్తూ, "ఊరుకో నాన్నా, స్కైప్ చేద్దాం" అంటున్నారు. నేను పోయినా ఇంతలా ఏడుస్తుందో లేదో అనుకున్నాను. ఆవిడ మనిషి వెళ్లింది గాని చెంబు మా ఇంట్లోనే ఉండిపోయింది, పుస్తకాల షెల్ఫ్ మీద, నేను దుమ్ము దులిపేటప్పుడల్లా ఎదురుగా.

సెప్టెంబరు వచ్చింది. పిల్ల మిడిల్ స్కూల్‌కి వెళ్తోంది, కొత్త స్నేహితులు, చెవిలో ఎప్పుడూ పాటలు. మర్చిపోయి ఉంటుందనుకున్నాను. మర్చిపోతే బాగుండుననీ అనుకున్నాను, మర్చిపోతే ఎలా అనీ అనుకున్నాను. నెలాఖరు శనివారం పొద్దున బాత్రూంలో నీళ్ల చప్పుడు వినబడింది. కాసేపటికి తడి జుట్టుతో కిందికి వచ్చింది, చేతిలో చెంబు. పసుపు పూసింది. నామం వంకరగా దిద్దింది.

"నేనూ రానా?" అన్నాను.

"వద్దు. నేను వెళ్లగలను."

సరే, ఇంకేం చేస్తాను. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ముందు ఎదురింటి ముసలాయన. అప్పటికే బియ్యం తెచ్చి గుమ్మంలో పెట్టుకుని ఉన్నాడు. తర్వాత కొరియా ఆవిడ. కుక్క వాళ్లు. అవ్వ ఉన్న ఇంట్లోకి కొత్తగా దిగిన, మాస్టర్స్ చదివే మన కుర్రాళ్లు నిద్ర మొహాలతో తలుపు తీసి, నామం చూసి, గబగబా లోపలికి వెళ్లి గ్లాసుతో బియ్యం తెస్తే, గ్లాసు వద్దని, పిడికెడు పొయ్యమని వాళ్లకి పాఠం చెప్పింది. చివరికి మా గుమ్మం వైపు వచ్చింది. ఈసారి బస్తా జోలికి పోలేదు నేను. పిడికెడు బియ్యం ఎప్పటి నుంచో చేతిలో పట్టుకునే ఉన్నాను. గబగబా వెళ్లి తలుపు తీసి, గడప లోపల నిలబడి, గోవిందా అంటుందేమోనని చూశాను.

అనలేదు. నన్ను దాటుకుని లోపలికి వచ్చేసింది.

"అదేమిటే! నన్ను అడగవా?"

"నిన్ను అడక్కూడదు కదమ్మా."

"పోయినేడు అడిగావుగా? పోశానుగా?"

"పోయినేడు అది అవ్వ చెంబు. ఇప్పుడు మనది." చెంబు వంటింటి గట్టు మీద పెట్టింది. "మనింటి బియ్యం వేయకూడదు, నీకు తెలీదా? కుక్కర్ తియ్యి, ఆకలేస్తోంది."

గుప్పిట్లో బియ్యం అప్పటికే చెమటకి తడిశాయి. వాటిని మళ్లీ డబ్బాలో పోసి, కుక్కర్ తీశాను. ఎంత నీళ్లు పోయాలో తెలీలేదు, అన్ని రకాల బియ్యానికి. ఆ మధ్యాహ్నం అందరూ మా ఇంట్లో తిన్నారు. అన్నం సగం ముద్ద, సగం పలుకు. నేను రెండోసారి వడ్డించుకున్నాను.

అందరూ వెళ్లాక పిల్ల డర్బన్‌కి స్కైప్ చేసి, ఎవరు ఎన్ని బియ్యం పోశారో, ఎలా పోశారో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. మా గుమ్మంలో ఏం జరిగిందో మాత్రం చెప్పలేదు, దాని దృష్టిలో అక్కడ ఏమీ జరగలేదు. ఆవిడ నన్ను పిలిచి, "ఇంకేమిటి విశేషాలు?" అని అడిగింది. మనవడు పుట్టిన ఆనందంలో ఉంది, చెప్తే సంతోషించేదే. చెప్పాలని నోటిదాకా వచ్చింది.

ఏమీ లేవన్నాను. ఆ ఒక్కటీ నాకే ఉంచుకున్నాను.